అరుదైన భాష వేరు.. అంతరించే భాష వేరు: అండమాన్ నుంచి కార్వాన్ గల్లీ దాకా లెక్క ఇదీ!

హైదరాబాద్: 2027 ఫిబ్రవరిలో జనగణన సిబ్బంది మీ ఇంటి తలుపు కొడతారు. పేరు, వయసు, చదువు, కులం.. ఇలా వరసగా అడుగుతూ మధ్యలో ఒక చిన్న ప్రశ్న వేస్తారు. "మాతృభాష ఏంటి?" చాలామంది ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తారు. రెండు సెకన్ల పని. కానీ దేశంలో ఏ భాష బతికున్నట్టు, ఏ భాష లేనట్టు అనేది ఆ రెండు సెకన్ల జవాబు మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది. 2011 తర్వాత మళ్లీ ఇప్పుడే ఈ లెక్క జరుగుతోంది. కాబట్టి అంతరించిపోతున్న భాషల గురించి మాట్లాడుకోవడానికి ఇదే సరైన టైమ్.

టాప్ 10 లిస్టులతో వచ్చిన చిక్కు

"ప్రపంచంలో అత్యంత అరుదైన 10 భాషలు ఇవే" అనే లిస్టులు మీరు చూసే ఉంటారు. వెబ్ డెస్క్‌లో పనిచేస్తాం కాబట్టి మాకూ తెలుసు.. ఇలాంటివి వేస్తే క్లిక్కులు బాగానే వస్తాయి. అయితే ఈ లిస్టులన్నీ ఒకే కొలత పట్టుకుంటాయి. ఎంతమంది మాట్లాడుతున్నారు? పదిమందా, ఇద్దరా, ఒక్కరా? అంకె ఎంత చిన్నదైతే వార్త అంత పెద్దది.

దీని వల్ల ఎలాంటి పొరపాట్లు జరుగుతాయో చెప్పడానికి మెక్సికో ఉదాహరణ ఒక్కటి చాలు. అక్కడ అయపనేకో అనే భాష ఉంది. ఆ భాష ప్రపంచంలో ఇద్దరికే వచ్చని, ఆ ఇద్దరికీ మాటల్లేవని 2011లో అంతర్జాతీయ మీడియాలో కథ నడిచింది. ఒక టెలికాం కంపెనీ వాళ్లిద్దరినీ కలుపుతున్నట్టు యాడ్ కూడా తీసింది. కథ అదిరింది. కానీ ఆ ఊర్లో ఆ భాష వచ్చినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారని తర్వాత బయటపడింది. అప్పటికే ఆ కథ ప్రపంచమంతా తిరిగేసింది.

అసలు విషయం ఏంటంటే.. 'అరుదైన భాష' వేరు, 'అంతరించిపోతున్న భాష' వేరు. మొదటిది తలకాయల లెక్క. రెండోది వయసు లెక్క.

యునెస్కో చూసేది ఏంటి?

ప్రపంచంలో ఇప్పుడు 7 వేలకు పైగా భాషలు ఉన్నాయి. వాటిలో 40 శాతానికి పైగా ఏదో ఒక స్థాయిలో ప్రమాదంలో ఉన్నాయని భాషావేత్తల అంచనా. యునెస్కో 2010లో తెచ్చిన అట్లాస్‌లో దాదాపు 2,500 భాషలున్నాయి. మన దేశం నుంచే 197 ఉన్నాయి.

ఆ అట్లాస్ భాషలను మెట్లుగా విడదీస్తుంది. ఆ మెట్లను మన ఇంటి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

మొదటి మెట్టు: పిల్లలు మాట్లాడతారు, కానీ ఇంట్లోనే. బడిలో, బజార్లో వేరే భాష.
రెండో మెట్టు: ఇంట్లో కూడా పిల్లలు దాన్ని సొంత భాషగా నేర్చుకోవడం మానేశారు.
మూడో మెట్టు: తాతలు, నానమ్మలు మాట్లాడతారు. అమ్మానాన్నలకు అర్థమవుతుంది. కానీ పిల్లలతో ఆ భాషలో మాట్లాడరు.
నాలుగో మెట్టు: తాతల తరానికి కూడా సగం సగమే వచ్చు.
ఆ తర్వాత మెట్టు లేదు. భాష లేదు.

గమనించారా? ఈ వరసలో ఎక్కడా "ఇంతమంది మాట్లాడితే సేఫ్" అనే అంకె లేదు. జనాభా సంఖ్యను కూడా యునెస్కో చూస్తుంది. కానీ ముందుగా అడిగేది మాత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి భాష అందుతోందా లేదా అనే.

380 మంది ఉన్నా నడుస్తుంది.. 10 లక్షలున్నా ఆగిపోతుంది

పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

అండమాన్‌లో 2011 జనగణన ప్రకారం జరావాలు 380 మంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ బ్లాక్‌లో ఉండేంత జనం. యునెస్కో జాబితాలో వాళ్ల భాషది చివరి మెట్టు. కానీ జరావా పిల్లలు జరావాలోనే మాట్లాడతారు. అది చాలా అరుదైన భాష, చాలా బలహీనమైన పరిస్థితి. అయినా అక్కడ గొలుసు ఇంకా తెగలేదు.

ఇప్పుడు ఫ్రాన్స్‌కు వెళ్దాం. అక్కడి బ్రెటన్ భాషను 1950 ప్రాంతంలో 10 లక్షల మందికి పైగా మాట్లాడేవాళ్లు. అంత పెద్ద అంకె చూస్తే ఎవరైనా ఢోకా లేదనుకుంటారు. కానీ అప్పటికే చాలా ఇళ్లలో పిల్లలతో ఫ్రెంచ్‌లో మాట్లాడటం మొదలైపోయింది. ఇప్పుడు ఆ సంఖ్య లక్ష పైచిలుకుకు పడిపోయింది. వాళ్లలోనూ ఎక్కువమంది పెద్దవయసు వాళ్లే.

గొలుసు తెగాక ఏం జరుగుతుందో అండమాన్‌లోనే ఇంకోచోట చూడొచ్చు. గ్రేట్ అండమానీస్ భాషల్లో 'బో' ఒకటి. ఆ భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయారు. భాషావేత్త అన్వితా అబ్బి ఆమె మాటలు రికార్డ్ చేశారు. ఆమె పక్షులతో తన భాషలో మాట్లాడుకునేదని అబ్బి చెప్పారు. ఎందుకంటే జవాబిచ్చే మనుషులు అప్పటికే లేరు.

అలాస్కాలో 'ఎయాక్' భాష చివరి వ్యక్తి మేరీ స్మిత్ జోన్స్ 2008 జనవరిలో కన్నుమూశారు. చిలీలో 'యాగన్' భాష మాతృభాషగా ఉన్న చివరి వ్యక్తి క్రిస్టినా కాల్డెరాన్ 2022 ఫిబ్రవరిలో, 93 ఏళ్ల వయసులో చనిపోయారు. మేరీ స్మిత్ జోన్స్‌కు తొమ్మిది మంది పిల్లలు. ఒక్కరికీ ఎయాక్ రాదు. వాళ్లు పెరిగే రోజుల్లో ఇంగ్లిష్ తప్ప వేరే భాష మాట్లాడితే తక్కువగా చూసేవాళ్లు.

అంటే ఎయాక్ 2008లో చనిపోలేదు. ఆ ఇంట్లో పిల్లలు మాటలు నేర్చుకునే రోజుల్లోనే దాని పని అయిపోయింది. 2008లో వచ్చింది వార్త మాత్రమే.

మన రెండు రాష్ట్రాల సంగతేంటి?

10 వేల మంది కంటే తక్కువ మాట్లాడే భాషలను కాపాడే పథకం ఒకటి 2013లో కేంద్రం తెచ్చింది. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ దాన్ని నడుపుతోంది. 2018లో వార్తల్లోకి వచ్చిన 42 తీవ్ర ప్రమాద భాషల జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు మీద రెండు ఉన్నాయి. గదబ, నాయికి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. 2011 జనగణనలో గదబ మాట్లాడేవాళ్లు దాదాపు 41 వేల మంది అని ఉంది. మరి తీవ్ర ప్రమాదంలో ఎలా ఉంది? కారణం, 'గదబ' అనే ఒక్క పేరు కింద రెండు వేరు వేరు భాషలున్నాయి. ఒకటి తెలుగు కుటుంబానికి, అంటే ద్రావిడ కుటుంబానికి చెందింది. ఇంకొకటి సవర లాగా ముండా కుటుంబానిది. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. లెక్కలో మాత్రం ఒకే వరస. రెండు చిన్న భాషలు కలిసి ఒక మధ్యస్థం భాషలా కనిపిస్తాయి.

ఆదిలాబాద్, మహారాష్ట్రలో మాట్లాడే కొలామీ చూద్దాం. 2001లో సుమారు 1.22 లక్షలు, 2011లో 1.28 లక్షలు. తగ్గలేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ పదేళ్లలో దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగితే కొలామీ పెరిగింది 5 శాతమే. ఉత్తరాంధ్ర కొండల్లోని కొండ భాషదీ అదే దారి. 56 వేల నుంచి 60 వేలకు వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో పుస్తకం రాసిన కూబి భాష ఇదే. పెరుగుతున్నట్టు కనిపిస్తూనే వెనకబడటం అంటే ఇదే.

గోండీకి దేశం మొత్తం మీద దాదాపు 30 లక్షల మంది ఉన్నారు. లిపి కూడా ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే ఫోన్‌లో గోండీ లిపి టైప్ చేసుకోవచ్చు. కానీ గోండులు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర భాష వాళ్లను తన వైపు లాగుతుంది. ఇక్కడ తెలుగు, అవతల మరాఠీ, ఆపైన హిందీ.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగా దండలు వేస్తాం. అదే గిడుగు పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. ఆ సగం గిడుగు మన దినోత్సవాల్లో పెద్దగా కనిపించరు.

కార్వాన్: పేరులోనే ప్రయాణం

అడవుల్లో, దీవుల్లోనే భాషలు పోతాయనుకుంటే పొరపాటు. మేం ఉండే కార్వాన్‌కే రండి.

కార్వాన్ అంటే పారశీకంలో బిడారు. గోల్కొండ కోటకు, 1578 నాటి పురానాపూల్‌కు మధ్య వర్తకుల బిడారులు ఆగిన చోటు ఇది. గుజరాతీ సాహుకార్లు ఉన్న భాగానికి ఇప్పటికీ కార్వాన్ సాహు అనే పేరు. కుతుబ్‌షాహీల దర్బారు భాష పారశీకం. ఆ కాలంలోనే 1671లో కట్టిన టోలి మసీదు ఇంకా నిలబడి ఉంది. పారశీకం ఇంటి భాషగా మాత్రం ఈ గల్లీల్లో ఎక్కడా వినపడదు.

ఇప్పుడు వినపడేది దక్కనీ, తెలుగు, మరాఠీ. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం వెళ్తే "హౌ", "నక్కో", "కైకు" అనే మాటలు దాటకుండా ఇంటికి రాలేం. దక్కనీ అంతరిస్తోందని ఎవరూ అనరు, అది నిజం కూడా కాదు. కానీ జనగణనలో దక్కనీకి సొంత వరస లేదు. ఉర్దూ లెక్కలో కలిసిపోతుంది. నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం రాసిన భాషకు ఆ నగరంలోనే విడిగా లెక్క లేదు.

ఇంకాస్త తిరిగితే.. బార్కస్‌లో నిజాం సైన్యం కోసం యెమెన్ నుంచి వచ్చిన హద్రమీ అరబ్బుల వారసులున్నారు. ముందు తరాలు అరబీ మాట్లాడేవి, ఇప్పటి పిల్లల నోట ఎక్కువగా దక్కనీయే. ఏసీ గార్డ్స్ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. అక్కడి సిద్దీల ఇళ్లలో ఆఫ్రికా భాషలు మిగల్లేదు. మర్ఫా దరువు మిగిలింది. మన పెళ్లి ఊరేగింపుల్లో వినిపించేది అదే.

ఒకే ఇల్లు, ఒకే ఫారం, రెండు జవాబులు

మా గల్లీ చివర ఒక బంజారా కుటుంబం అద్దెకు ఉంటోంది. ఆమె ఫోన్‌లో తాండాలో ఉన్న వాళ్ల యాడితో మాట్లాడేటప్పుడు గోర్ బోలీ జలజలా వస్తుంది. ఫోన్ పెట్టేసి పిల్లల వైపు తిరిగితే తెలుగు. పిల్లలు ఆమెకు జవాబిచ్చేది తెలుగులో, వాళ్లలో వాళ్లు కొట్టుకునేది దక్కనీలో, హోంవర్క్ ఇంగ్లిష్‌లో. అమ్మమ్మ ఫోన్‌లో పలకరిస్తే "ఏమంటోంది?" అని తల్లిని అడుగుతారు. యునెస్కో మెట్లలో ఈ ఇల్లు ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు. మూడో మెట్టు.

మరి అంకెల్లో? 2011 జనగణనలో లంబాడీ మాతృభాషగా చెప్పినవాళ్లు దేశంలో 32.76 లక్షల మంది. చాలా దేశాల జనాభా కంటే ఎక్కువ. ఏ 'అరుదైన భాషల' లిస్టులోనూ ఇది రాదు. పైగా ఈ 32 లక్షల మందిని జనగణన విడి భాషగా చూపించదు. హిందీ కింద ఉన్న మాతృభాషల్లో ఒకటిగా చూపిస్తుంది. అంటే కొండల్లో ఉన్న గదబకు వచ్చిన చిక్కే ఇక్కడా.. కాకపోతే తిరగేసి. అక్కడ రెండు భాషలు ఒకటయ్యాయి. ఇక్కడ ఒక పెద్ద భాష ఇంకా పెద్ద భాష జేబులోకి వెళ్లిపోయింది. బంజారాహిల్స్‌కు పేరిచ్చిన జనం వాళ్లు!

ఈ కలపడం ఎలా జరుగుతుందో చూడండి. 2011లో జనం తమ మాతృభాషలుగా చెప్పిన పేర్లు 19,569. స్పెల్లింగ్ తేడాలు, ఊరి పేర్లు అన్నీ ఏరి, పరిశీలించాక తేలిన మాతృభాషలు 1,369. ఏ గుంపులోనూ పెట్టలేక పక్కన పెట్టినవి 1,474. చివరికి 10 వేల మంది దాటిన వాటిని గుంపులుగా కలిపితే ప్రకటించిన భాషలు 121. పది వేల లోపు ఉంటే పేరు బయటికి రాదు. 1971 నుంచి ఇదే పద్ధతి. గణేశ్ దేవీ నేతృత్వంలో జరిగిన పీపుల్స్ లింగ్విస్టిక్ సర్వే మాత్రం దేశంలో 780 భాషలను నమోదు చేసింది.

ఇంతకీ మాతృభాష అంటే జనగణన దృష్టిలో ఏంటి? 2011లో సిబ్బందికి ఇచ్చిన నిర్వచనం చాలా సింపుల్. చిన్నప్పుడు మీ అమ్మ మీతో మాట్లాడిన భాష. ఇంటాయన ఏ పేరు చెబితే ఆ పేరు పూర్తిగా రాసుకోవాలి, అది భాషా, యాసా అనేది సిబ్బంది తేల్చకూడదు.

ఆ నిర్వచనాన్ని మా గల్లీ చివరి ఇంటికి పెట్టి చూడండి. తల్లి వరసలో 'లంబాడీ' అని పడాలి. కింద పిల్లల వరసల్లో, నిజం రాస్తే, 'తెలుగు' అని పడాలి. ఒకే ఇల్లు, ఒకే ఫారం, మధ్యలో రెండు గీతలే దూరం. ఒక భాష ఆగిపోయేది సరిగ్గా ఆ గీతల మధ్యే. అడవిలో ఒంటరిగా చనిపోయే చివరి మనిషి దగ్గర కాదు.

అయితే ఆమెను తప్పుపట్టడం చాలా తేలిక, చాలా అన్యాయం కూడా. తెలుగు, ఇంగ్లిష్ రాకపోతే పిల్లలు బడిలో వెనకబడతారు. యాస వినపడితే తోటి పిల్లలు నవ్వుతారు. అలాస్కాలో ఆ తొమ్మిది మంది పిల్లల తల్లికి వచ్చిన ఒత్తిడే ఇక్కడ కార్వాన్‌లో ఈ తల్లికీ వచ్చింది. ఒక్కటే తేడా. ఆమె చుట్టూ ఉన్న పెద్ద భాష ఇంగ్లిష్. ఈమె చుట్టూ ఉన్న పెద్ద భాష మన తెలుగు. ఇంగ్లిష్ తెలుగును మింగేస్తోందని బాధపడే మనం, తెలుగు ఎవరిని పక్కకు నెడుతోందో కూడా చూడాలి కదా.

గొలుసు మళ్లీ కలపొచ్చా?

కలిపినవాళ్లున్నారు. బ్రిటన్ పక్కనున్న మాన్ దీవిలో మాంక్స్ మాతృభాషగా పెరిగిన చివరి వ్యక్తి నెడ్ మాడ్రెల్ 1974లో చనిపోయారు. తర్వాత కొందరు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నారు, 2001లో మాంక్స్ మీడియం బడి పెట్టారు. 2009లో యునెస్కో ఈ భాష అంతరించిందని ప్రకటిస్తే ఆ బడి పిల్లలు యునెస్కోకు ఉత్తరాలు రాశారు. మాంక్స్‌లోనే! యునెస్కో తన మాట మార్చుకోక తప్పలేదు.

న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో 'కోహంగా రేయో' పేరుతో పసిపిల్లల కేంద్రాలు మొదలుపెట్టారు. తల్లిదండ్రులకు భాష సరిగా రాదు, తాతలకు వచ్చు. అందుకని పిల్లలను నేరుగా తాతలు, నానమ్మల దగ్గర కూర్చోబెట్టారు. మూడో మెట్టు మీదున్న భాషకు ఇదే మందు.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. నిజాం కాలంలో, 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, గోండీ వాచకాలు అచ్చువేశారు. తర్వాత అది నిలవలేదు, చదువు తెలుగులోకి వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండీ, కోయ, కొలామీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా.. ఇలా 8 భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు పుస్తకాలు తెచ్చారు. ఆలోచన మంచిదే. కానీ అది గిరిజన గూడేల, తాండాల బడుల కోసం. తాండా నుంచి నగరానికి వచ్చి కార్వాన్‌లోనో, ఇంకో బస్తీలోనో అద్దెకు దిగిన ఇంటికి అలాంటి బడి లేదు. భాష వేగంగా జారిపోయేది మాత్రం ఇలాంటి ఇళ్లలోనే.

మీ ఇంట్లో ఓ చిన్న టెస్ట్

2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. అందులో చాలా ఏళ్లు గడిచిపోయాయి. మిగతా ఏళ్లలో చేయాల్సిన పెద్ద పనులు ప్రభుత్వాలవి. సొంత పేరుతో లెక్కించడం, నగరంలోని బస్తీ బడుల్లో కూడా ఆ భాష వచ్చిన టీచర్‌ను పెట్టడం లాంటివి. జనగణన ఒక్కటే భాషను బతికించదు. కానీ లెక్కలో పేరు లేకపోతే అడగడానికి ఆధారమే ఉండదు.

మన చేతుల్లో ఉన్నవి రెండు. ఒకటి, ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు మీ ఇంటి భాషను మీరు పిలిచే పేరుతోనే చెప్పండి. లంబాడీ అయితే లంబాడీ, దక్కనీ అయితే దక్కనీ, ఎరుకల అయితే ఎరుకల. "ఏదో ఒకటి రాసుకోండి" అనకండి. రెండు, ఈ రాత్రి అన్నం దగ్గర గమనించండి. మీ అమ్మ మీతో మాట్లాడిన భాషలోనే మీరు మీ పిల్లలతో మాట్లాడుతున్నారా?

గల్లీ చివరి ఇంటి ఆమెను ఇదే అడిగాం. ఫారంలో ఏం రాయిస్తావక్కా అని. కాసేపు ఆగి చెప్పింది. "నాకు లంబాడీ రాయిస్తా తమ్ముడూ. పిల్లలకు తెలుగే.. అబద్ధం ఎందుకు?" తర్వాత చిన్నోడి వైపు చూసి, "వీడికింకా నాలుగేళ్లే కదా" అంది. ఇంకేం అనలేదు.

జనగణన ఫారం ఆ ఇంటికి చేరేది 2027 ఫిబ్రవరిలో. నాలుగేళ్ల పిల్లాడు ఒక భాష పట్టుకోవడానికి ఆ టైమ్ చాలు.